టిఫిన్ హోటల్ అబ్బాయి, కీటో డైట్: ఒక కేస్ స్టడీ

వయసు 29. ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 88.4 కిలోలు, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. ఆరేళ్లుగా విడవకుండా జిమ్ చేస్తున్నాడు. స్క్వాట్‌లో 100 కిలోలు వేసుకుని పదేసి రెప్స్ (ఎత్తి దించడాలు) చొప్పున నాలుగు సెట్లు తీస్తాడు. భుజాలు, వీపు చక్కగా వచ్చాయి కానీ చొక్కా విప్పితే ముందు పొట్టే కనబడుతుంది. చర్మం మడత మందాన్ని కొలిచే స్కిన్‌ఫోల్డ్ కాలిపర్‌తో చూస్తే ఒంట్లో కొవ్వు 24 శాతం దగ్గర తేలింది. జిల్లా స్థాయి బాడీబిల్డింగ్ పోటీలో మెన్స్ ఫిజిక్ విభాగంలో స్టేజీ ఎక్కాలన్నది కోరిక.

పేరు అక్కర్లేదు. అతని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు రాజమహేంద్రవరం, ఇంటి వ్యాపారం టిఫిన్ హోటల్ అన్న రెండు సంగతులు మాత్రం చెప్పి తీరాలి, లేకపోతే ఈ కేసు అర్థం కాదు. పొద్దున్నే జిమ్ ముగించుకుని ఏడింటికల్లా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. పదకొండింటి దాకా పెనం మీద పెసరట్లు, మూకుట్లో గారెలు, గిన్నెల్లో ఉప్మా. వాసన చూస్తూ, చిల్లర లెక్కపెడుతూ నాలుగు గంటలు.

అంతకుముందు తనంతట తానే ఫోన్లో కేలరీలు రాసుకుంటూ డైట్ చేసి చూశాడు. లెక్క ప్రకారం రోజుకు 2,200 కేలరీలే తింటున్నాడు, బరువు మాత్రం కదలడం లేదు. ఒక వారం పాటు నోట్లో ఏది పడ్డా రాయమన్నాను. పళ్లెంలో పెట్టుకున్నవన్నీ రాశాడు. గల్లా దగ్గరవి రాయలేదు. అడిగితే, "అబ్బే, టిఫిన్ చెయ్యలేదండీ, రుచి చూశానంతే," అన్నాడు. రుచి అంటే ఏమిటో విడదీస్తే తెలిసింది: పిండి పులిసిందో లేదో చూడటానికి ఒక ఇడ్లీ, వంటమనిషి కొత్తవాడు కాబట్టి అర పెసరట్టు, అల్లప్పచ్చడి ఎలా ఉందో చూడటానికి ఒక గారె, ఎవరో ఆర్డరిచ్చి వెళ్లిపోతే మిగిలిన పూరీ. అబద్ధం ఆడటం లేదు. వాటిని తిండి కింద లెక్కపెట్టే అలవాటే ఆ ఇంట్లో లేదు.

ఎందుకు కీటో

జిమ్ చేసేవాళ్లలో చాలామందికి నేను అన్నంతోనే బరువు తగ్గిస్తాను. బియ్యం కొలిచి వండుకుని, ప్రొటీన్ సరిపడా తిని, నూనె అదుపులో పెడితే కొవ్వు కరుగుతుంది. కీటో, అంటే పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు, ప్రొటీన్ల మీద నడిచే డైట్, కావాలని వచ్చినవాళ్లకి కూడా ముందు అదే చెబుతాను. ఇతని విషయంలో కీటో వైపు మొగ్గడానికి కారణం అతని జీవక్రియ కాదు, ఆ హోటలు. అక్కడ దొరికేవన్నీ పిండి, పప్పు, రవ్వ. పిండిపదార్థం మొత్తం నిషేధం అంటే హోటల్లోని ప్రతి వంటకమూ నిషేధమే. అర పెసరట్టు తినొచ్చా, ముప్పావు తినొచ్చా అన్న బేరం ఉండదు. కొందరికి "కొంచెం తిను" అన్న మాట కన్నా "అసలు ముట్టకు" అన్న మాట తేలిక. రుచి చూడటం ఒక ఉద్యోగమైపోయిన మనిషికి మరీనూ.

కీటోసిస్‌లోకి, అంటే పిండిపదార్థం అందక ఒళ్లు కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్ల మీద నడిచే స్థితిలోకి, వెళ్తే కొవ్వు దానంతటదే కరిగిపోతుందని జిమ్‌లలో ఒక నమ్మకం ఉంది. కాలేయం కీటోన్లు తయారుచేస్తోందంటే ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుతోందన్నమాట నిజమే. ఆ కొవ్వు పొట్ట మీదిదా, పొద్దున ఆమ్లెట్‌లో పోసిన నెయ్యిదా అన్నది మాత్రం కేలరీల లోటే తేలుస్తుంది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 17 మంది అధిక బరువు, ఊబకాయం ఉన్న మగవాళ్లను పరిశోధనా కేంద్రంలోనే ఉంచి, నాలుగు వారాలు మామూలు ఆహారం, తర్వాతి నాలుగు వారాలు అన్నే కేలరీలతో కీటో ఇచ్చారు. ఇన్సులిన్ బాగా పడిపోయింది, కొవ్వు తగ్గే వేగం మాత్రం పెరగలేదు. కండ సంగతికొస్తే, 2018లో వర్గాస్ బృందం వెయిట్ ట్రైనింగ్ అలవాటున్న 24 మంది మగవాళ్లపై ఎనిమిది వారాలు చేసిన ప్రయోగం ఉంది. కీటో వాళ్లకు కొవ్వు తగ్గింది, కానీ కండ పెరగలేదు. పిండిపదార్థం తిన్నవాళ్లకు కండ పెరిగింది. కాబట్టి ఉన్న కండను కాపాడుకుంటూ కొవ్వు దించుకునే దశకే కీటో అని మొదటిరోజే ఒప్పందం చేసుకున్నాం. కండ పెంచే దశలో దాని ప్రస్తావనే రాకూడదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1921లో మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించిన ఆహారానికి పెట్టిన పేరే ఇది. బాడీబిల్డింగ్‌లో విన్స్ గిరోండా అనే పాతకాలపు అమెరికన్ శిక్షకుడు స్టేక్, గుడ్లతోనే పోటీలకు మనుషుల్ని తయారుచేసేవాడు. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఇల్లిల్లూ తిరిగాక కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు అంటే తెలియనివాళ్లు లేరు. ఇతని పెద్దమ్మ కూడా చేసిందట. అందుకే వాళ్ల అమ్మగారికి కీటో అనగానే ముందు నూనె డబ్బానే గుర్తొచ్చింది. ఆ అభిప్రాయాన్ని మార్చడానికి నాకు కొంత సమయం పట్టింది. బరువులెత్తే మనిషి కీటోలో ముందు చూసుకోవాల్సింది ప్రొటీన్. కొవ్వుకు ఒక గీత ఉంటుంది, అది దాటకూడదు. దాన్ని నింపి తీరాలన్న నియమం లేదు.

పరీక్షలు

మొదలుపెట్టే ముందు రక్త పరీక్షలు చేయించాం, వాళ్ల కుటుంబ వైద్యుడికి చూపించాం. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటు) 5.6, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 168, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 41, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 112, యూరిక్ ఆమ్లం 6.4, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. నాన్నగారికి షుగరు ఉంది. బీపీ మామూలుగానే ఉంది, మందులేవీ వాడటం లేదు.

ఆ ఆఖరి మాట ముఖ్యం. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు కీటో చేస్తే, రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ (కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారడం) వచ్చే ప్రమాదం ఉంది. గ్లూకోమీటర్ మామూలు అంకె చూపిస్తుంటుంది, మనిషి వాంతులతో పడిపోతుంటాడు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకు చక్కెర పడిపోతుంది. టైప్ 1 మధుమేహం, కిడ్నీ జబ్బు, పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) చరిత్ర, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లకు, గర్భిణులకు నేను కీటో ఇవ్వను. ఈ అబ్బాయి డైట్ చూసి వాళ్ల నాన్న కూడా మొదలుపెడతానన్నారు. ఆయన్ని మాత్రం వైద్యుడి దగ్గరికే పంపాను.

పళ్లెంలో ఏముంది

రోజుకు 2,100 కేలరీలు, 160 గ్రాముల ప్రొటీన్, పీచు తీసేశాక 30 గ్రాముల పిండిపదార్థం, సుమారు 150 గ్రాముల కొవ్వు. పొద్దున జిమ్ నుంచి వచ్చాక మూడు గుడ్లు, ఇంకో రెండు గుడ్ల తెల్లసొనతో ఆమ్లెట్. మధ్యాహ్నం పావుకిలో చికెన్, తొడ ముక్కలు, బీరకాయో ఆనపకాయో తోటకూరో పక్కన. సాయంత్రం వంద గ్రాముల పనీరు, ఒక స్కూప్ వే ప్రొటీన్ (పాల ప్రొటీన్ పొడి). రాత్రికి పావుకిలో చేప. గోదావరి ఊళ్లో ఉండి చేప తినకపోవడం పాపం. శీలావతి, బొచ్చె ఎప్పుడూ దొరుకుతాయి, కొరమేను దొరికిన రోజు పండగ. ఇవన్నీ కలిపితే ప్రొటీన్ సరిపోతుంది, కొవ్వు 60 గ్రాముల దాకా వస్తుంది. మిగిలిన 90 గ్రాములకు నెయ్యి, నువ్వుల నూనె, మీగడ, కొబ్బరి, గుప్పెడు పల్లీలు. శనివారం వాళ్లింట్లో నీచు ముట్టరు, ఆ రోజు పనీరు రెట్టింపు.

కూరల విషయంలో పేచీ వచ్చింది. గోదావరి జిల్లాల వంటంటే ఉల్లిపాయ ముద్ద, చింతపండు పులుసు, కాస్త బెల్లం. చేపల పులుసులో చింతపండు, ఉల్లిపాయ కలిపి ఒక్కరి వాటాకే 15 గ్రాముల పిండిపదార్థం దాటొచ్చు. రోజు మొత్తానికి ఇచ్చిందే 30. అందుకని పులుసు వారానికి ఒకసారికి తగ్గించి, మిగతా రోజుల్లో చేప వేపుడు, లేదా గోంగూరతో, చింతచిగురుతో పుల్లగా వండమన్నాను. ఆవకాయ ఒక చిన్న ముక్క వేసుకుంటే ఇబ్బంది లేదు, అందులో ఉప్పు ఈ డైట్‌కి పనికొస్తుంది కూడా. కొబ్బరిబోండం ఒంటికి చలవని రోజూ తాగుతున్నాడు. ఒక బోండం నీళ్లలో పది పన్నెండు గ్రాముల చక్కెర ఉంటుందంటే ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు. కోనసీమ పక్కనే ఉండి బోండం మానెయ్యమంటే ఎవరికైనా కష్టమే.

అన్నం లేకపోవడం అమ్మగారికి మింగుడు పడలేదు. "మెతుకు ముట్టకుండా మనిషి నిలబడతాడా బాబూ? బరువులెత్తే పిల్లాడు," అని ఫోన్ చేశారు. ప్రొటీన్, కీటోన్లు అని నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "అయితే రాత్రికి కొంచెం పెడతాలెండి," అన్నారు. చివరికి పన్నెండు వారాలే, కార్తీకం రాగానే అన్నం మొదలుపెట్టేస్తాం అని గడువు చెప్పాక శాంతించారు. ఇంట్లో వండిపెట్టే మనిషికి గడువు చెప్పకుండా ఏ డైటూ నడవదు.

మొదటి వారాలు

శ్రావణం మొదట్లో మొదలుపెట్టాం. మొదటి వారానికే బరువు 85.9కి దిగింది, అంటే రెండున్నర కిలోలు. అతను వీడియో కాల్‌లో త్రాసు చూపిస్తూ గెంతాడు. కండల్లో, కాలేయంలో కలిపి నాలుగైదు వందల గ్రాముల గ్లైకోజెన్, అంటే నిల్వ చేసుకున్న పిండిపదార్థం, ఉంటుంది, ఒక్కో గ్రాము తనతో మూడు గ్రాముల దాకా నీరు పట్టి ఉంచుతుంది. అన్నం మానెయ్యగానే ఆ నిల్వ తరుగుతుంది, నీరు పోతుంది. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపుతాయి, దాంతో ఇంకొంత నీరు. ఆ రెండున్నర కిలోల్లో అసలు కొవ్వు అరకిలో ఉంటే గొప్ప. ఇది ముందే చెప్పి ఉంచితే రెండోవారం బరువు నెమ్మదించినప్పుడు మనిషి డీలా పడడు. జిమ్‌లలో ఉండే బాడీ కంపోజిషన్ మెషీన్లు ఈ నీటిని కండ కింద లెక్కేసి "రెండు కిలోల కండ పోయింది" అని చీటీ ఇస్తాయి. మొదటి నెల దాని మీద ఎక్కొద్దని చెప్పాను.

నాలుగోరోజు తలనొప్పి, నీరసం, రాత్రిళ్లు పిక్కలు పట్టెయ్యడం. దీనికి కీటో ఫ్లూ అని పేరు పెట్టారు గానీ చాలావరకు ఉప్పు తక్కువైనందుకే. అన్నీ కలిపి రోజుకు రెండు టీస్పూన్ల ఉప్పు దాకా వెళ్లమన్నాను, జిమ్‌కి వెళ్లే ముందు మటన్ ఎముకల సూపు ఉప్పేసి ఒక గ్లాసు. బీపీ మామూలుగా ఉంది కాబట్టే ఈ సలహా. బీపీ ఉన్నవాళ్లు దీన్ని అనుకరించకూడదు. ఆకుకూరలు పెంచాం. రెండు రోజుల్లో తలనొప్పి పోయింది. మలబద్ధకం మాత్రం మూడో వారం దాకా వేధించింది, ఇసబ్గోల్‌తో సర్దుకుంది.

మందుల షాపులో కీటోన్ స్ట్రిప్పులు కొనుక్కుని రోజూ మూత్రపరీక్ష చేసుకునేవాడు. ముదురు ఊదారంగు వస్తే సంబరం, లేత రంగు వస్తే దిగులు. ఆ స్ట్రిప్పు కొలిచేది ఒంట్లోంచి వృథాగా పోతున్న అసిటోఅసిటేట్ అనే కీటోన్‌ని. వారాలు గడిచి ఒళ్లు కీటోన్లను వాడుకోవడం నేర్చుకున్నకొద్దీ రంగు వెలిసిపోవడం సహజం. రక్తంలో బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ అనే ఇంకో కీటోన్ లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్ మధ్య ఉంటే ఆహారం వల్ల వచ్చిన కీటోసిస్ అంటారు. 0.6 ఉన్నవాడికన్నా 2.5 ఉన్నవాడికి కొవ్వు ఎక్కువ కరుగుతుందని ఏమీ లేదు. స్ట్రిప్పులు పక్కన పడెయ్యమని, దాని బదులు నడుము కొలవమని టేపు ఇచ్చాను.

అయిదో వారం దగ్గర వినాయక చవితి. ఉండ్రాళ్లు, కుడుములు. ప్రసాదం వద్దంటే అమ్మగారు బాధపడతారు, తింటే కీటోసిస్ పోతుందని ఇతని భయం. తినమన్నాను. కీటోసిస్ పోతే రెండు మూడు రోజుల్లో మళ్లీ వస్తుంది. రెండు ఉండ్రాళ్లతో వచ్చే కేలరీలు కరిగిన కొవ్వును వెనక్కి తేలేవు. నేను భయపడింది ఉండ్రాళ్లకు కాదు, "ఇవాళ ఎలాగూ పోయింది కదా" అనుకుని హోటల్లో పెసరట్టు దాకా వెళ్తాడేమోనని. వెళ్లలేదు. ప్రసాదం అన్నది వేరే ఖాతా, హోటలు వేరే ఖాతా అని అతనే గీత గీసుకున్నాడు. ఈ కేసు నడుస్తుందని నాకు గట్టి నమ్మకం కలిగింది అప్పుడే.

జిమ్‌లో

ఇక్కడే కీటో ఖరీదు తెలిసేది. మూడోవారం స్క్వాట్‌లో 100 కిలోలతో పది రెప్స్ రావాల్సినచోట ఏడు దగ్గర ఆగిపోయాడు, తర్వాతి సెట్‌లో ఆరు. బలం పోయిందనుకున్నాడు. 115 కిలోలతో మూడు రెప్స్ తీయించి చూస్తే బాగానే వచ్చాయి. పోయింది బలం కాదు. ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్ సెట్‌కు కండ ఎక్కువగా వాడుకునేది గ్లైకోజెన్‌ని, అది అడుగంటింది. మూడు నుంచి అయిదు రెప్స్‌కు కండలో ఉండే, తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ చాలావరకు నెట్టుకొస్తుంది. ఇదే పరిస్థితి ఇంకోరకంగా నడక పందేల వాళ్లలోనూ కనబడింది. ఆస్ట్రేలియాలో లూయీస్ బర్క్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కీటో మీద ఉన్న అంతర్జాతీయ స్థాయి రేస్ వాకర్లు కొవ్వును విపరీతంగా కాల్చగలిగారు, కానీ అదే వేగానికి వాళ్లకు ఎక్కువ ఆక్సిజన్ కావాల్సొచ్చింది.

దానికి తగ్గట్టు వ్యాయామం మార్చాం. పెద్ద లిఫ్టులన్నీ అయిదేసి రెప్స్, సెట్ల మధ్య మూడు నిమిషాలు విశ్రాంతి. మొత్తం సెట్లు మూడోవంతు తగ్గించాం. బరువు మాత్రం తగ్గించలేదు. కండను నిలబెట్టేది బార్ మీద ఉన్న బరువు, దాన్ని దించితే ఒళ్లు ఆ కండ అక్కర్లేదనుకుంటుంది. క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకు 5 గ్రాములు ఆపకుండా. చేతులు, భుజాల చిన్న వ్యాయామాలు పన్నెండు రెప్స్‌లోనే ఉంచాం, తక్కువ సెట్లతో. పంప్ (వ్యాయామంలో కండలు ఉబ్బడం) రావడం లేదని రోజూ గొణిగేవాడు. అద్దంలో కండలు చప్పబడినట్టు కనబడటం కీటోలో మామూలే, లోపల నీరు, గ్లైకోజెన్ లేవు మరి. ఇది మానసికంగా చిన్న దెబ్బ కాదు. ఆరేళ్లు పెంచిన చెయ్యి చొక్కాలో వదులుగా ఆడుతుంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

ఆకలి మాత్రం నిజంగా తగ్గింది. గల్లా దగ్గర నాలుగు గంటలు కూర్చున్నా గారెల వాసనకు నోరూరడం లేదని మూడోవారంలోనే చెప్పాడు. ప్రొటీన్ ఎక్కువ కావడం, కీటోన్లు, నియమం ఖచ్చితంగా ఉండటం, ఈ మూడింట్లో ఎంత వాటా దేనిదో విడదీసి చెప్పడం ఒక్క మనిషి కేసులో సాధ్యం కాదు. నా అంచనా అడిగితే పెద్ద వాటా మూడోదానిదే అంటాను.

ఆగిపోయిన రెండు వారాలు

అయిదోవారం చివర 84.0. ఆరో వారం 83.8. ఏడో వారం కూడా 83.8. నడుము కూడా కదల్లేదు. జీవక్రియ మందగించిందని జిమ్‌లో ఎవరో చెప్పారట, ఉపవాసం కలపమన్నారట. నేను వంటింటికి వెళ్లాను.

అమ్మగారు కూర పోపుకు నూనె డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి వంచుతున్నారు. ఎంత పోస్తారని అడిగితే "సరిపడా" అన్నారు. ఆవిడ వంచినంత ఒక గిన్నెలోకి వంపించి కిచెన్ త్రాసు మీద పెడితే 48 గ్రాములు వచ్చింది. నేను రాసిచ్చింది 20. ఆ ఒక్క కూరలోనే 250 కేలరీలు అదనం. అన్నం మానేశాడన్న బెంగతో నూనె పోసి సరిపెడుతున్నారు ఆవిడ. రెండో సంగతి గల్లాపెట్టె పక్కన దొరికింది. చట్నీ కోసం వేయించిన పల్లీల డబ్బా. "పల్లీలు కీటోనే కదండీ," అన్నాడు. కీటోనే. ముప్పై గ్రాముల గుప్పెడుకు 170 కేలరీలు. ప్లాన్‌లో ఉన్నది రోజుకు ఒక గుప్పెడు. అతను పొద్దుట్నుంచి తింటున్నవి ఎన్నో అతనికే తెలియదు. అదనంగా రెండు గుప్పెళ్లు వేసుకున్నా 340 కేలరీలు, నూనెతో కలిపితే 590. మేం కష్టపడి తెచ్చిన రోజువారీ లోటు 600.

రుచి చూసే అలవాటు ఎక్కడికీ పోలేదు, నిషేధం లేని వస్తువు వెతుక్కుంది. కీటోలో ఇది తరచూ చూస్తాను. పిండి లేదంటే చాలు, ఎంత తిన్నా పరవాలేదనుకుంటారు. ఆన్‌లైన్‌లో కీటో లడ్డూలు తెప్పించుకుని తినేవాళ్లదీ ఇదే కథ.

మార్పులు రెండే చేశాం. వంటింట్లో నూనెకు కొలత చెంచా. పల్లీలు ప్లాన్‌లోంచి పూర్తిగా తీసెయ్యడం, వాటి బదులు రాత్రి ఇంట్లో పది బాదంపప్పులు. కేలరీలు తగ్గించలేదు, ఉపవాసం పెట్టలేదు. ఎనిమిదోవారం నుంచి వారానికి ఆరేడు వందల గ్రాముల చొప్పున దిగడం మొదలైంది. పన్నెండో వారానికి 80.6, నడుము 88.

మళ్లీ అన్నం

పదోవారంలో రక్త పరీక్షలు మళ్లీ చేయించాం. ట్రైగ్లిజరైడ్లు 168 నుంచి 84కి వచ్చాయి, హెచ్‌డీఎల్ 48. ఎల్‌డీఎల్ 112 నుంచి 171కి ఎక్కింది. సన్నబడుతున్న, వ్యాయామం చేసే మనుషుల్లో కీటో మీద ఎల్‌డీఎల్ ఇలా పెరగడం తెలిసిన సంగతే. దాన్ని పట్టించుకోనక్కర్లేదని చెప్పే వర్గం ఒకటి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు, తండ్రికి షుగరు. నేను ఆ వర్గంలో లేను. వైద్యుడూ అదే మాటన్నారు. నెయ్యి, కొబ్బరి తగ్గించి నువ్వుల నూనె, బాదం వైపు జరిగాం, కానీ అసలు నిర్ణయం కీటో ఆపెయ్యడమే.

ఈలోగా కార్తీకం రానేవచ్చింది. ఆ ఇంట్లో నెల్లాళ్లూ నీచు ఉండదు, గుడ్డుతో సహా. పనీరు, వే ప్రొటీన్, మీల్‌మేకర్‌తో శాకాహార కీటో చెయ్యొచ్చు గానీ 160 గ్రాముల ప్రొటీన్ రావాలంటే పనీరే నాలుగు వందల గ్రాములు తినాలి, దాంతోపాటు వచ్చే పాల కొవ్వు ఆ ఎల్‌డీఎల్ ఉన్న మనిషికి ఇవ్వాల్సింది కాదు. వెన్న తీసిన పెరుగు, పప్పు, మీల్‌మేకర్ కావాలి. వాటితో పిండిపదార్థం వస్తుంది, రానిచ్చాం. అమ్మగారికి ఇచ్చిన మాట కూడా దక్కింది.

ఒక్కసారిగా వదిలెయ్యలేదు. తొమ్మిది గ్రాముల పిండిపదార్థం కలిపినప్పుడల్లా నాలుగు గ్రాముల కొవ్వు తీసేశాం, రెండూ 36 కేలరీలే. మొదటివారం రోజుకు అదనంగా 60 గ్రాములు, అది మొత్తం జిమ్ తర్వాత రెండు వందల గ్రాముల ఉడికిన అన్నం రూపంలో. త్రాసు మీద 81.9 చూసి మొహం మాడ్చుకున్నాడు. ఒక్క వారంలో కిలోకు పైగా. నడుము కొలిస్తే అదే 88. పోయిన నీరు తిరిగొచ్చిందంతే. అదే వారం జిమ్ నుంచి ఫోటో పెట్టాడు, చేతుల మీద నరాలు తేలి ఉన్నాయి, కింద "పంప్ వచ్చింది సార్" అని. రెండు వారాల్లో స్క్వాట్‌లో 100 కిలోలతో పది రెప్స్ తిరిగి వచ్చాయి. నెలాఖరుకు లెక్క ఇలా కుదిరింది: 2,000 కేలరీలు, ప్రొటీన్ 165, పిండిపదార్థం 170, కొవ్వు 73 గ్రాములు.

నన్ను అసలు కంగారు పెట్టింది హోటలు. కీటో పోయిందంటే పెసరట్టు మీది నిషేధం కూడా పోయినట్టేనా? అన్నం తినొచ్చు అన్నప్పుడు ఇడ్లీ ఎందుకు తినకూడదు అని అడిగితే పోషకాల పరంగా నా దగ్గర జవాబు లేదు. అందుకని నియమాన్ని ఆహారం మీంచి చోటు మీదికి మార్చాను. పిండిపదార్థం ఇంట్లో, కొలిచి, పళ్లెంలో పెట్టుకున్నదే. హోటల్ గడప లోపల కాఫీ తప్ప ఏదీ నోట్లో పడకూడదు, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ క్యారియర్ కూడా అక్కడ విప్పకూడదు. రుచి చూడాల్సి వస్తే తమ్ముడిని పిలవాలి. కీటోలో అతనికి పనిచేసిన భాగం ఇదే కాబట్టి దాన్ని ఉంచుకుని మిగతాది వదిలేశాం. ఆదివారం మాత్రం పొద్దున్నే ఇంట్లో అమ్మగారు వేసిన రెండు పెసరట్లు, లెక్కలో రాసి.

అన్నం మొదలుపెట్టి ఎనిమిది వారాలు గడిచాక బరువు 77.9, నడుము 83.5, కాలిపర్ మీద కొవ్వు 14 శాతం. మొదట్లో కొవ్వు తీసేస్తే మిగిలిన బరువు 67 కిలోలు, ఇప్పుడూ 67. కాలిపర్ కొలతలో రెండు మూడు శాతం అటూఇటూ ఉండొచ్చు, కానీ స్క్వాట్, బెంచ్ రెండూ పడిపోలేదు కాబట్టి కండ నిలబడిందనే నమ్ముతున్నాను. ఎల్‌డీఎల్ 121కి దిగింది. ట్రైగ్లిజరైడ్లు 96, కీటోలో ఉన్నప్పటికన్నా కాస్త ఎక్కువ, మొదటికన్నా చాలా తక్కువ. రెండు దశల్లోనూ కొవ్వు తగ్గిన వేగం దాదాపు ఒకటే, వారానికి అరకిలో పైచిలుకు.

సంక్రాంతికి మూడు రోజులు త్రాసు ఎక్కొద్దని చెప్పి అరిసెలు తిననిచ్చాను. పోటీ ఫిబ్రవరిలో. స్టేజీకి 14 శాతం చాలదు, ఇంకో రెండు మూడు కిలోలు దిగాలి. జిమ్‌లో సీనియర్ ఒకాయన ఆఖరి నాలుగు వారాలు మళ్లీ కీటో పెడితే పొట్ట కోసినట్టు వస్తుందని చెప్పాడట, రోజూ నాకు మెసేజీలు. స్టేజీ మీద జడ్జీలు చూసేది నిండుగా ఉన్న భుజాలను కూడా, గ్లైకోజెన్ లేని భుజం లైట్ల కింద చప్పగా కనబడుతుంది. పిండిపదార్థం 170 నుంచి 130కి తగ్గించి, వారంలో అయిదు రోజులు సాయంత్రం గోదావరి గట్టు మీద నలభై నిమిషాలు నడక కలిపాను. రెండు వారాలు చూసి నడుము కదలకపోతే అప్పుడు మాట్లాడదాం అన్నాను. అతనింకా ఒప్పుకోలేదు, నడక మాత్రం మొదలుపెట్టాడు.